హీటర్ చల్లగాలి కొడితే: ఏ పరికరం కొనాలి, ఏది అరువు తెచ్చుకుంటే చాలు

కారులో హీటర్ కోర్ మార్చాలంటే చాలా మోడళ్లలో డాష్‌బోర్డు మొత్తం ఊడదీయాలి. షికాగో, మినియాపొలిస్ లాంటి చోట్ల ఒక్క కూలీకే వెయ్యి డాలర్లు దాటడం మామూలే. కానీ చల్లగాలికి అసలు కారణం చాలాసార్లు ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం, అంటే కూలెంట్, అర లీటరు తగ్గడమో, ఇంజిన్ వేడెక్కేదాకా కూలెంట్‌ను రేడియేటర్‌లోకి వెళ్లనివ్వని థర్మోస్టాట్ తెరుచుకుని అలాగే ఉండిపోవడమో అయి ఉంటుంది. ఆ తేడా ఇంట్లోనే తేల్చుకోవడానికి బజారులో దొరికే ఆరు పరికరాల సంగతి ఇది. లెక్కలు ఎక్కువగా టయోటా, హోండా పెట్రోలు కార్లవి.

హీటర్‌కు సొంత వేడి లేదు. ఇంజిన్ వేడెక్కించిన కూలెంటే డాష్ వెనకున్న చిన్న రేడియేటర్ గుండా తిరుగుతుంది, బ్లోవర్ దాని మీదుగా గాలిని లోపలికి తోస్తుంది. ఆ చిన్న రేడియేటరే హీటర్ కోర్. చాలా కార్లలో ఇది ఎత్తులో ఉంటుంది కాబట్టి కూలెంట్ తగ్గితే ముందు గాలి చేరేది ఇక్కడికే. అందుకే కూలింగ్ వ్యవస్థలో లోపం ఉంటే హీటర్ ముందు చెబుతుంది, ఉష్ణోగ్రత మీటర్ ముల్లు తర్వాత చెబుతుంది.

ఆ ముల్లును నమ్మకండి. ఇప్పటి కార్లలో కూలెంట్ సుమారు 75 నుంచి 105 డిగ్రీల సెల్సియస్ మధ్య ఎక్కడున్నా ముల్లు నడిమధ్యనే నిలబడేలా కంపెనీలే అమరుస్తాయి. కాబట్టి కొనాల్సిన మొదటి వస్తువు, కారు కంప్యూటర్‌లోని అంకెలను ఫోన్‌కు పంపే బ్లూటూత్ ఓబీడీ అడాప్టర్. స్టీరింగ్ కింద, డ్రైవర్ మోకాళ్ల దగ్గరున్న సాకెట్‌లో గుచ్చితే కూలెంట్ అసలు ఉష్ణోగ్రత ఫోన్‌లో కనిపిస్తుంది. 20 నుంచి 35 డాలర్లలో దొరికే వీపీక్ లాంటివి ఈ పనికి సరిపోతాయి. వంద దాటే ఓబీడీలింక్ ఎంఎక్స్ ప్లస్ నిజంగా మంచి వస్తువే, కారు ఆపితే తనంతట తాను నిద్రలోకి వెళుతుంది. అయితే హీటర్ సమస్య ఒక్కదానికే అంత పెట్టనక్కర్లేదు. చవకవాటిని మాత్రం పని అయ్యాక పీకెయ్యాలి, లేకుంటే మైనస్ 20లో అసలే నీరసించిన బ్యాటరీని రాత్రంతా పీలుస్తాయి. ఐఫోన్ ఉన్నవాళ్లు ఐఓఎస్‌కు పని చేస్తుందని స్పష్టంగా రాసి ఉన్నదే తీసుకోవాలి. పాత తరహా బ్లూటూత్ అడాప్టర్లు చాలా వాటికి ఐఫోన్ కలవదు. యాప్ విషయానికొస్తే ఆండ్రాయిడ్‌లో టార్క్, రెండింటిలోనూ కార్ స్కానర్ బాగుంటాయి.

వాడే పద్ధతి ఇదీ. రాత్రంతా బయట నిలిపిన కారును పొద్దున్నే స్టార్ట్ చెయ్యకుండా, బ్రేకు తొక్కకుండా బటన్ రెండుసార్లు నొక్కి ఆన్ చెయ్యండి. కూలెంట్ ఉష్ణోగ్రత, ఇంజిన్ పీల్చే గాలి (ఇన్‌టేక్) ఉష్ణోగ్రత రెండూ మూడు నాలుగు డిగ్రీల తేడాలో ఉండాలి. ఇంజిన్‌ను రాత్రి కరెంటుతో వెచ్చగా ఉంచే బ్లాక్ హీటర్ పెట్టి ఉంటే ఈ పోలిక పనికిరాదు. కూలెంట్ సరిగ్గా మైనస్ 40 చూపిస్తే అది చలి కాదు, సెన్సర్ తీగ తెగింది లేదా ప్లగ్ ఊడింది. ఆ సంఖ్య సెల్సియస్‌లోనూ ఫారెన్‌హీట్‌లోనూ ఒకటే కాబట్టి పొరపడే పని లేదు.

తర్వాత బండి నడపండి. ఇంటి ముందు ఊరికే ఆన్ చేసి ఉంచి తీర్పు చెప్పకూడదు, ఎందుకంటే చిన్న ఇంజిన్లు గట్టి చలిలో ఐడిల్‌లో పూర్తిగా వేడెక్కవు. మైనస్ 10లో పది పదిహేను నిమిషాలు రోడ్డు మీద నడిపితే ఆరోగ్యంగా ఉన్న ఇంజిన్ 80 దాటి అక్కడే నిలబడాలి. టయోటా థర్మోస్టాట్లు చాలావరకు 82 దగ్గర, హోండావి 78 దగ్గర తెరుచుకోవడం మొదలుపెడతాయి. సిగ్నల్ దగ్గర 85 చూపించి, హైవే ఎక్కగానే 65కి జారిపోతే థర్మోస్టాట్ తెరుచుకుని ఇరుక్కుంది. ఇంజిన్ లైటు వెలిగి పీ0128 కోడ్ వస్తే అర్థం కూడా ఇదే: ఇంజిన్ చేరాల్సిన వేడికి చేరడం లేదు. దీనికి విరుగుడుగా గ్రిల్ ముందు అట్టముక్క కట్టేవాళ్లున్నారు. అట్ట గాలిని ఆపుతుందే గాని థర్మోస్టాట్‌ను బాగు చెయ్యదు. ఎండ కాసిన రోజు దాన్ని తియ్యడం మరిచిపోతే ఇంజిన్ ఉడుకుతుంది.

ఒక్క హెచ్చరిక. కూలెంట్ బాగా తగ్గిపోతే సెన్సర్ గాలిలో వేలాడుతుంది, అప్పుడది తక్కువ వేడి చూపిస్తుంది. అంకె ఒక్కసారిగా ఎగిరి పడుతుంటే, డాష్ వెనక గలగల శబ్దం వస్తుంటే, వేగంలో వేడిగాలి, ఆగితే చల్లగాలి వస్తుంటే అంకెల సంగతి పక్కన పెట్టి ముందు కూలెంట్ మట్టం చూడండి. ఇంజిన్ పూర్తిగా చల్లారాక రేడియేటర్ క్యాప్ తీసి మెడ దాకా ఉందో లేదో చూడాలి. పక్కనున్న ప్లాస్టిక్ డబ్బాలో గీత దాకా ఉన్నా రేడియేటర్‌లో ఖాళీ ఉండవచ్చు. క్యాప్ రబ్బరు పాడైతే చల్లారేటప్పుడు డబ్బాలోంచి కూలెంట్ వెనక్కి లాగదు.

ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ గన్‌ను అందరూ కొనమంటారు. ఈ ఆరింటిలో అతిగా పొగిడేది దీన్నే. చవక గన్‌లు వస్తువు ఉపరితలం నల్లగా, మెరుపు లేకుండా ఉందనే లెక్కతో పని చేస్తాయి. మెరిసే అల్యూమినియం మీద పెడితే 90 డిగ్రీలున్నది 50 కూడా చూపించదు. పైగా చాలా గన్‌లు పని చేసే పరిధి 0 నుంచి 50 డిగ్రీలే అని మాన్యువల్‌లోనే ఉంటుంది. అంటే చలి దేశంలో చలికాలం బయట దాని మాట చెల్లదు. వాడాలంటే ఇంటి వెచ్చదనంలోంచి గన్ తీసుకెళ్లి, గ్యారేజీలో అరగంట అలవాటు పడనిచ్చి, రబ్బరు హోస్ మీదో నల్లటి ఎలక్ట్రికల్ టేపు అంటించిన చోటో గురి పెట్టండి.

అలా వాడితే ఒక్క పని బాగా చేస్తుంది. ఇంజిన్ వేడెక్కి, హీటర్ పూర్తి వేడిలో, బ్లోవర్ మధ్యస్థంగా ఉండగా క్యాబిన్ గోడలోకి వెళ్లే రెండు హీటర్ హోస్‌లను కొలవండి. రెండూ కాలుతూ లోపల చల్లగాలి వస్తుంటే కూలెంట్ వైపు తప్పు లేదు, గాలిని మళ్లించే బ్లెండ్ డోర్ లేదా దాని మోటార్ పాడైంది. డాష్‌లో టకటక శబ్దం వస్తుంటే దాదాపు ఖాయం. తేడా 10, 15 డిగ్రీలైతే మామూలే. ఒకటి 85, రెండోది 50 ఉంటే కోర్ పూడుకుంది లేదా ప్రవాహం చాలడం లేదు. రెండూ గోరువెచ్చగా ఉంటే కూలెంట్, గాలి, థర్మోస్టాట్, పంపు, ఈ వరసలో చూడాలి. వెంట్ దగ్గర గాలి కొలవడానికి మాత్రం గన్ వద్దు, అది గాలిని కొలవలేదు. వంటింట్లో వాడే సూది థర్మామీటర్ వెంట్‌లో గుచ్చితే చాలు, 50 నుంచి 65 మధ్య రావాలి.

హోస్ పట్టుకుని థర్మోస్టాట్ చూసేవాళ్లకు ఒక మాట. పై హోస్ మొదట్నుంచీ వేడెక్కితే థర్మోస్టాట్ పోయినట్టే అన్న సూత్రం అన్ని కార్లకూ వర్తించదు. చాలా జపాన్ ఇంజిన్లలో థర్మోస్టాట్ కింది హోస్ వైపు ఉంటుంది. వాటిలో కింది హోస్, రేడియేటర్ అడుగు భాగం ఎప్పుడు వేడెక్కుతాయో చూడాలి.

ఇక కూలెంట్ ఎంత చలికి గడ్డకడుతుందో చూపించే 20, 25 డాలర్ల రిఫ్రాక్టోమీటర్. తెలుగు ఇళ్లలో దీనికి ప్రత్యేక అవసరం ఉంది. హైదరాబాద్‌లోనో గుంటూరులోనో రేడియేటర్ తగ్గితే కుళాయి నీళ్లు పోసేస్తాం, అక్కడ గడ్డకట్టే చలి లేదు. ఆ అలవాటు అమెరికాకు వచ్చాక వేసవిలో నీళ్లు పోయిస్తుంది, దాని ఫలితం జనవరిలో బయటపడుతుంది. సగం గ్లైకాల్ (గడ్డకట్టనివ్వని రసాయనం), సగం నీళ్లున్న కూలెంట్ మైనస్ 37 దాకా గడ్డకట్టదు. గ్లైకాల్ 30 శాతానికి పడిపోతే సుమారు మైనస్ 15కే గడ్డకట్టడం మొదలవుతుంది. అప్పుడు జరిగేది వింతగా ఉంటుంది: బయట మైనస్ 25, ఇంజిన్ మాత్రం ఓవర్‌హీట్! థర్మోస్టాట్ మూసి ఉన్నంతసేపూ రేడియేటర్‌లో కూలెంట్ కదలదు, ఎదురుగాలికి అది మంచు జావ అవుతుంది. థర్మోస్టాట్ తెరుచుకునే వేళకు దారి మూసుకుపోయి ఉంటుంది. ఇలాంటప్పుడు ఇంజిన్ ఆపి, కారును వెచ్చటి గ్యారేజీకి లాగించుకోవడమే మార్గం. నడిపితే హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ పై భాగానికీ కింది భాగానికీ మధ్యనుండే సీలు) పోతుంది, గట్టిగా గడ్డకడితే ఇంజిన్ బ్లాకే పగులుతుంది.

రిఫ్రాక్టోమీటర్‌ను ముందు డిస్టిల్డ్ వాటర్‌తో నీటి గీతకు సరిచేయాలి. ఉష్ణోగ్రత తేడాను తనే సర్దుకుంటుందని డబ్బా మీద రాసి ఉన్నా ఆ సర్దుబాటు సాధారణంగా 10 నుంచి 30 డిగ్రీల మధ్యే. కాబట్టి పరికరం, కూలెంట్ నమూనా రెండూ ఇంట్లోకి తెచ్చుకుని, రెండు చుక్కలు వేసి అర నిమిషం ఆగి చూడండి. నమూనా ప్లాస్టిక్ డబ్బాలోది కాదు, రేడియేటర్‌లోది తీయాలి. లోపల రెండు స్కేళ్లుంటాయి; టయోటా, హోండా కూలెంట్లకు ఇథిలీన్ గ్లైకాల్ స్కేలు చూడాలి. ఆ కూలెంట్ విషం, రుచికి తీపి. పిల్లలకూ కుక్కలకూ అందనివ్వకండి.

పలచబడిందని తేలితే లెక్క ఇలా. 6 లీటర్ల వ్యవస్థలో 30 శాతం ఉంటే 1.7 లీటర్లు తీసేసి, అంతే చిక్కటి కాన్సంట్రేట్ పోస్తే 50 శాతం అవుతుంది. షెల్ఫులో పక్కనే ఉండే 50/50 ప్రీమిక్స్ బాటిల్ పొరపాటున పోస్తే 36 శాతం దగ్గరే ఆగిపోతుంది. రెండు బాటిళ్లూ చూడటానికి ఒకేలా ఉంటాయి, లేబుల్ చదవండి. టయోటా గులాబీ రంగు సూపర్ లాంగ్ లైఫ్, హోండా నీలం టైప్ 2 ముందే నీళ్లు కలిపి అమ్మేవే, వాటిలో మళ్లీ నీళ్లు కలపకూడదు. ఆ కార్లలో పలచబడితే మొత్తం తీసి కొత్తది నింపడమే శుభ్రమైన పని. ఎక్కువైతే మంచిదని చిక్కటిదే నింపేయకండి, నీళ్లు లేని గ్లైకాల్ మైనస్ 13కే గడ్డకడుతుంది.

నింపేటప్పుడు చుక్క కారని గరాటు కావాలి. లిస్ల్ 24680 ఈ రకంలో పేరున్నది, డబ్బుకు పూర్తి న్యాయం చేస్తుంది. రేడియేటర్ మెడకు సరిపోయే అడాప్టర్ బిగించి, కారు ముక్కు ర్యాంపు మీద కాస్త ఎత్తుగా ఉంచి, హీటర్ పూర్తి వేడిలో పెట్టి, గరాటులో మూడో వంతు కూలెంట్ పోసి చల్లటి ఇంజిన్ స్టార్ట్ చెయ్యండి. పై హోస్‌ను అప్పుడప్పుడు పిసుకుతూ ఫ్యాన్ రెండుసార్లు తిరిగి ఆగేదాకా, బుడగలు తగ్గేదాకా ఉంచాలి. మైనస్ 15లో ఆరుబయట ఫ్యాన్ తిరగకపోవచ్చు. గ్యారేజీలో చేస్తే తలుపు పూర్తిగా తెరిచే ఉండాలి, మూసిన గ్యారేజీలో కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీస్తుంది. రేడియేటర్ క్యాప్ లేకుండా ప్రెషర్ ట్యాంకు ఒక్కటే ఉన్న యూరప్ కార్లకు ఈ గరాటు చాలాసార్లు కుదరదు. వాటికి గాలి లాగేసి నింపే పరికరం కావాలి, దానికి కంప్రెసర్ కూడా ఉండాలి కాబట్టి ఆ పని షాపుకు వదిలెయ్యండి.

కూలెంట్ ఎటు పోతోందో తేల్చే ప్రెషర్ టెస్టర్‌ను కొనకండి. ఆటోజోన్, ఓరైలీ దుకాణాలు డిపాజిట్ తీసుకుని అరువిస్తాయి, తిరిగిస్తే డిపాజిట్ మొత్తం వెనక్కిస్తాయి. ఏడాదికోసారి వాడే పరికరానికి ఇంతకంటే మంచి ఏర్పాటు లేదు. పెట్టెలో అడాప్టర్లన్నీ ఉన్నాయో, పంపు గాలి నిలుపుతోందో కౌంటర్ దగ్గరే చూసుకోండి. క్యాప్ మీద రాసి ఉన్న ఒత్తిడి దాకా మాత్రమే కొట్టాలి, 1.1 అని ఉంటే సుమారు 16 పీఎస్‌ఐ. పదిహేను నిమిషాలు ముల్లు కదలకూడదు. ఈ పరీక్షకు సరైన సమయం గడ్డకట్టిన తెల్లవారుజాము. చలికి రబ్బరు, ప్లాస్టిక్, ఇనుము వేరువేరుగా కుంచించుకుపోయి స్క్రూ క్లాంపుల దగ్గర కారుతుంది, ఇంజిన్ వేడెక్కితే అదే చోటు మూసుకుపోతుంది. మధ్యాహ్నం వెచ్చటి షాపులో లీకు లేదని చెప్పడానికి కారణం ఇదే కావచ్చు. స్క్రూ క్లాంపు తీసి స్ప్రింగు క్లాంపు వేస్తే చాలాసార్లు తగ్గుతుంది. ఎక్కడా తడి కనబడకుండా ముల్లు పడుతుంటే ప్యాసింజర్ వైపు కార్పెట్ తడిమి చూడండి. తియ్యటి వాసన, అద్దం మీద జిడ్డు పొగమంచు ఉంటే కోర్ కారుతోంది, అప్పుడు మార్చక తప్పదు.

ఇంజిన్‌లో మండిన వాయువులు కూలెంట్‌లోకి చేరుతున్నాయో లేదో చెప్పే బ్లాక్ టెస్టర్ కూడా అరువుదే, దాని నీలం ద్రవం మాత్రం కొనాలి. లీకు లేకుండా కూలెంట్ తగ్గుతున్నా, గరాటులో బుడగలు ఆగకున్నా వాడాలి. ముందు ద్రవంలోకి నోటితో గాలి ఊది పసుపు అవుతుందో లేదో చూసి, ఆ ద్రవం పారబోసి కొత్తది పోయండి. రేడియేటర్ మట్టం రెండంగుళాలు తగ్గించి, నడుస్తున్న ఇంజిన్ మీద రెండు నిమిషాలు ఆవిరి లాగండి. పసుపు తిరిగితే హెడ్ గ్యాస్కెట్ పోయింది. గొట్టంలోకి కూలెంట్ దూరితే ఆ ద్రవం మరి పనికిరాదు.

అదే షెల్ఫులో కనిపించే స్టాప్ లీక్ సీసాను ముట్టుకోకండి. అది లీకుతో పాటు హీటర్ కోర్‌లోని సన్నటి గొట్టాలనూ పూడుస్తుంది.

కోర్ పూడిందని తేలితే మార్చే ముందు రెండు హోస్‌లూ విప్పించి, బయటికొచ్చే గొట్టం వైపు నుంచి తక్కువ ఒత్తిడితో నీళ్లు ఎదురు పారించమని మెకానిక్‌ను అడగండి. తర్వాత కోర్‌లో మిగిలిన నీటిని మెల్లగా గాలితో ఊదేయించాలి, లేకుంటే కూలెంట్ మళ్లీ పలచబడుతుంది. 2017, 2018 హోండా సీఆర్-వీ 1.5 టర్బో ఉన్నవాళ్లు ఇవేవీ మొదలుపెట్టకముందే కారు విన్ నంబరుతో (కారు గుర్తింపు సంఖ్య) డీలర్‌ను అడగాలి. ఆ ఇంజిన్ చలి ప్రాంతాల్లో నెమ్మదిగా వేడెక్కడం, నూనెలో పెట్రోలు కలవడం హోండాకు తెలిసిన సమస్యే, దానికి అప్పట్లో సాఫ్ట్‌వేర్ మార్పు, పరిమిత కాలానికి వారంటీ పొడిగింపు ఇచ్చింది. హైబ్రిడ్ కార్లలో సిగ్నల్ దగ్గర ఇంజిన్ ఆగినప్పుడు గాలి కాస్త చల్లబడటం లోపం కాదు. ఓబీడీలో కూలెంట్ 60 కిందికి పడిపోతున్నా ఇంజిన్ తిరిగి స్టార్ట్ కాకపోతేనే షాపుకు తీసుకెళ్లండి.