సోప్‌యూఐలో డబ్ల్యూఎస్-ఐ తనిఖీ: పన్నెండేళ్లకు పైగా వాడాక

విశాఖపట్నం మధురవాడలో మా ఆఫీసుది చిన్న టీమ్. ఓడల్లో వచ్చే సరుకు వివరాలను షిప్పింగ్ ఏజెంట్ల సాఫ్ట్‌వేర్ నుంచి గోదాముల సాఫ్ట్‌వేర్‌కి చేర్చడం మా పని. ఒకవైపు జావా, రెండోవైపు డాట్‌నెట్, నడుమ సోప్ సర్వీసులు (వేర్వేరు సాఫ్ట్‌వేర్లు ఎక్స్ఎమ్‌ఎల్ మెసేజ్‌లతో మాట్లాడుకునే పద్ధతి). ఈ సర్వీసులని పరీక్షించే సోప్‌యూఐ అనే టూల్‌ని 2012 నుంచి వాడుతున్నాను. రిక్వెస్టులు పంపి చూడ్డానికి దాన్ని అందరూ వాడతారు. నాకు ఎక్కువగా అక్కరకొచ్చింది మాత్రం చాలామంది నొక్కని ఒక మెనూ: ‘చెక్ డబ్ల్యూఎస్ఐ కంప్లయన్స్’.

సోప్, డబ్ల్యూఎస్‌డీఎల్ (సర్వీసుని ఎలా పిలవాలో వివరించే ఫైలు) ప్రమాణాల్లో రెండు మూడు రకాలుగా అర్థం చేసుకోగల చోట్లు చాలా ఉన్నాయి. 2002లో ఏర్పడిన డబ్ల్యూఎస్-ఐ సంస్థ వాటిని ఏరి, ఒకే దారి ఖాయం చేసి, 2004లో బేసిక్ ప్రొఫైల్ అనే నియమావళిని విడుదల చేసింది. ఆ మెనూ నొక్కితే సర్వీసు ఈ నియమాలు పాటిస్తోందో లేదో తనిఖీ చేసి రిపోర్టు ఇస్తుంది. ప్రతి నియమానికీ ఒక నంబరు ఉంటుంది. ఆ నంబరే మాకు కొండంత అండ అయింది.

ఎలాగో చెప్తాను. ఒక ఏజెంటు దగ్గర చాలా పాత జావా టూల్‌కిట్‌తో కట్టిన సర్వీసు ఉండేది. దాని డబ్ల్యూఎస్‌డీఎల్‌ని మావాడు డబ్ల్యూఎస్ ఇంపోర్ట్‌కి (దాని నుంచి జావా కోడ్ తయారుచేసే టూల్) ఇస్తే, ఆర్పీసీ ఎన్‌కోడెడ్ అనే పాత మెసేజ్ పద్ధతి చెల్లదంటూ ఆగిపోయింది. ఫోన్ చేస్తే, "మా దగ్గర బాగానే పనిచేస్తోందండీ, మీ క్లయింటే చూసుకోండి" అన్నారు. మూడు వారాలు ఇదే మాట. అప్పుడు తనిఖీ నడిపి రిపోర్టు పంపించాను. ఆర్ 2706: బైండింగ్‌లో (మెసేజ్ ఏ రూపంలో వెళ్లాలో చెప్పే భాగం) యూజ్ విలువ లిటరల్ అయి తీరాలి, ఎన్‌కోడెడ్ కాకూడదు. ఫెయిల్డ్. ఆ తర్వాత తప్పెవరిదన్న మాటే రాలేదు, ఎప్పటికి మార్చిస్తారన్నదే మిగిలింది. నియమం మా నోటి నుంచి కాకుండా రాతలో కనపడేసరికి వాళ్లకీ నామోషీ అనిపించలేదు.

డబ్ల్యూఎస్‌డీఎల్‌తో సరిపెట్టుకోకండి, వచ్చిన మెసేజ్‌ని కూడా తనిఖీ చేయండి. రెస్పాన్స్ మీద రైట్ క్లిక్ చేస్తే అక్కడా ఇదే మెనూ ఉంటుంది. ఇంకో సర్వీసు సోప్ ఫాల్ట్‌ని (తప్పు జరిగిందని చెప్పే జవాబు) హెచ్‌టీటీపీ 200తో, అంటే అంతా సవ్యం అనే స్టేటస్ కోడ్‌తో పంపేది. సర్వర్‌లో తప్పు అని చెప్పే 500తో పంపాలని ఆర్ 1126 చెప్తుంది. స్టేటస్ కోడ్ మాత్రమే చూసే మా రీట్రై ప్రోగ్రామ్ అది పాసయిందనుకుని తిరస్కరించిన ఎంట్రీలను మళ్లీ పంపలేదు. డబ్ల్యూఎస్‌డీఎల్ ఎంత చదివినా ఇది దొరకదు. రిక్వెస్టులో ఏ పని కావాలో చెప్పే సోప్‌యాక్షన్ హెడర్ విలువకు కొటేషన్ గుర్తులు లేకపోవడం కూడా మాకు ఇలా మెసేజ్ తనిఖీలోనే దొరికింది. దానికి ఆర్ 2744 చూడండి.

రిపోర్టు చదవడానికి కొంత అలవాటు కావాలి. మొదటిసారి మిస్సింగ్ ఇన్‌పుట్ అని వరసగా చూసి నేను కంగారుపడ్డాను. అవి తప్పులు కావు. ప్రొఫైల్‌లో యూడీడీఐ (సర్వీసుల జాబితా) నియమాలూ ఉన్నాయి, మనం ఆ వివరాలు ఇవ్వం కాబట్టి అలా వస్తుంది. ఫెయిల్డ్, వార్నింగ్ రెండే పట్టించుకోండి. సెట్టింగుల్లో ప్రొఫైల్ వెర్షన్ 1.1 పెట్టండి. అది సోప్ 1.1కే వర్తిస్తుంది, సోప్ 1.2 సర్వీసుల మీద ఆ ఫలితానికి విలువ ఇవ్వొద్దు.

2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను వచ్చాక చాలా రోజులు ఆఫీసులో నెట్ లేదు. సోప్‌యూఐ డబ్ల్యూఎస్‌డీఎల్‌లని ప్రాజెక్టులోనే కాష్ చేసి ఉంచుతుంది కాబట్టి జనరేటర్ ఉన్న గంటల్లో తనిఖీలు చేసుకోగలిగాం. ఆ వారం నాకు ఈ టూల్ మీద అభిమానం పెరిగింది.

ఇక అది పట్టుకోలేనిది ఒకటుంది, దానివల్ల మేం నిజంగా నష్టపోయాం. ఒక సర్వీసు రిపోర్టులో ఒక్క ఫెయిల్డ్ కూడా లేదు. కానీ ఓడ రాక సమయాన్ని టైమ్ జోన్ లేకుండా పంపుతోంది. ఎక్స్ఎమ్‌ఎల్ స్కీమా ప్రకారం డేట్‌టైమ్‌లో టైమ్ జోన్ ఐచ్ఛికం, కాబట్టి నియమం తప్పలేదు. అవతలివాళ్లు దాన్ని యూటీసీ (గ్రీనిచ్ సమయం) అనుకుని 5:30 గంటలు కలిపారు. మధ్యాహ్నం 2:30కి రావాల్సిన లారీలు రాత్రి 8కి వచ్చాయి. డ్రైవర్లకి నేనే ఫోన్లో క్షమాపణ చెప్పుకున్నాను. మెసేజ్ రూపం సరిగ్గా ఉందో లేదో ప్రొఫైల్ చెప్పగలదు, అందులోని సమయం ఏ ఊరిదో దానికి తెలియదు.

అప్పటి నుంచి కొత్త సర్వీసు డబ్ల్యూఎస్‌డీఎల్ మెయిల్లో రాగానే, ఒక్క లైను కోడ్ రాయకముందే తనిఖీ నడుపుతాం. నమూనా మెసేజ్‌లు మూడు అడుగుతాం: ఒకటి మామూలుది, ఒకటి ఫాల్ట్‌ది, ఒకటి తెలుగు పేరున్నది. తేదీ ఉన్న ప్రతి ఫీల్డ్ పక్కనా +05:30 ఉందో లేదో మా టీమ్‌లో ఒకమ్మాయి చేత్తో టిక్ పెట్టి సంతకం చేస్తుంది. సోప్ సర్వీసులతో ఇంకా పని ఉన్నవాళ్లు ఈ తనిఖీని నిరభ్యంతరంగా వాడొచ్చు. ఎక్స్ఎమ్‌ఎల్ వదిలి జేసన్ అనే మరో డేటా రూపానికి పూర్తిగా మారినవాళ్లకి దీనితో పనిలేదు.