నర్సింగ్ కాలేజీకి వెళ్తే ముందు ల్యాబ్ బొమ్మ చెయ్యి చూడండి

మా మేనకోడలికి బీఎస్సీ నర్సింగ్ సీటు కోసం మొన్న రెండు కాలేజీలు తిరిగాం. నేను పదకొండేళ్లుగా స్టాఫ్ నర్సుని, బిల్డింగ్ చూసి మోసపోను.

మొదటి చోట ఏసీ ఆఫీసు, రంగుల బ్రోచర్. "రోజూ రానక్కర్లేదు మేడమ్, ఆన్‌లైన్‌లో అయిపోతుంది" అన్నారు. ఒళ్లు మండింది. 4 ఏళ్ల కోర్సులో వార్డు డ్యూటీ చెయ్యకుండా నర్సు ఎలా అవుతుంది? ల్యాబ్‌లో ప్రాక్టీసు బొమ్మకి ప్లాస్టిక్ కవరు కూడా తియ్యలేదు. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ గుర్తింపు లెటర్ అడిగితే "వస్తుంది" అన్నారు. రేపు స్టేట్ నర్సింగ్ కౌన్సిల్‌లో నర్సుగా రిజిస్ట్రేషన్ కాకపోతే ఆ సర్టిఫికెట్ ఏం చేసుకుంటాం? లేచి వచ్చేశాం.

రెండోది పాత బిల్డింగ్. హాస్టల్ బాత్రూములు బాగోలేవు. కానీ ఐవీ (నరానికి సూది పెట్టడం) ప్రాక్టీసు చేసే బొమ్మ చెయ్యి సూదిపోట్లతో జల్లెడైపోయి ఉంది. పక్కనే సొంత ఆసుపత్రి. వార్డులో ఓ సెకండియర్ పిల్ల బీపీ చూస్తూ "తాతగారూ, చెయ్యి వదులుగా పెట్టండి" అంటోంది, ట్యూటర్ వెనకే నిలబడి గమనిస్తోంది. కౌన్సిల్ లెటరు, ఎన్టీఆర్ హెల్త్ యూనివర్సిటీ అఫిలియేషన్ అడక్కుండానే చూపించారు. ఇంటికొచ్చి కౌన్సిల్ వెబ్‌సైట్‌లో నేనూ సరిచూసుకున్నాను. అక్కడే చేర్పించాం.