బతుకమ్మ పాటకు గిటార్: కార్డులా, శ్రుతి తీగా?

ఒక్క గిటార్‌పై బతుకమ్మ పాట పలికించడానికి రెండు దారులున్నాయి. సినిమా పాటల్లాగా కార్డులు, అంటే ఒకేసారి మోగే స్వరాల గుంపులు, పేర్చడం మొదటిది. హైదరాబాద్ శ్రోతలకు అది వెంటనే చెవికెక్కుతుంది. పాత సినిమా పాటలకైతే నేనూ అదే ఎంచుకుంటాను. కానీ కొద్ది స్వరాల మధ్యే తిరిగే జానపద బాణీ ఆ కార్డుల బరువు కింద నలిగిపోతుంది.

రెండోది, అన్నిటికన్నా మందమైన ఆరో తీగను ‘ఇ’ స్వరం నుంచి ‘డి’కి దించి, శ్రుతిగా మోగిస్తూ సన్న తీగల మీద బాణీ నడపడం. పాదం చివర ‘ఉయ్యాలో’ దగ్గర వేలిని మెట్టుపై (ఫ్రెట్) నొక్కి ఉంచి తీగను కొద్దిగా పక్కకు లాగితే, ఆడవాళ్ల గొంతులోని ఆ సాగు వచ్చేస్తుంది. చప్పట్లకు అరచేతి అంచుతో గిటార్ చెక్కను తడితే చాలు. సాధన ఎక్కువే కావాలి. అయినా, ట్యాంక్‌బండ్‌పై వలయంగా తిరుగుతూ పాడే పాటకు ఇదే దగ్గర.