పాత సినిమాల వారం: తెర మీద ఏది నిలిచింది, ఏది జారింది

పాత సినిమాలను వారం రోజుల పాటు వేసిన ఈ ప్రదర్శనల్లో మొదటి రోజు బొమ్మ పడగానే ఒక సంగతి తెలిసిపోయింది. ఈ థియేటర్‌లో ఎవరో తెర అంచుల గురించి ఆలోచించారు. 1950లకు ముందు వచ్చిన టాకీలు ఎక్కువగా 1.37:1 కొలతలో (ఎత్తు ఒకటైతే వెడల్పు 1.37) తీసినవే. ఇప్పటి తెరలు 1.85కో 2.39కో కట్టినవి. అందుకే 2కె (అడ్డంగా సుమారు రెండు వేల చుక్కలుండే) డిజిటల్ ఫైల్‌లో 1998×1080 చట్రం మధ్య అసలు బొమ్మ సుమారు 1480×1080 మేరకే ఉంటుంది, రెండు పక్కలా నలుపు మిగులుతుంది. ప్రొజెక్టర్ నలుపు ఎప్పుడూ పూర్తి నలుపు కాదు. మాస్కింగ్ (తెర పక్కల్ని కప్పే నల్ల గుడ్డ) లేకపోతే ఆ పక్కలు బూడిదరంగు పట్టీల్లా మెరుస్తూ కన్ను లాగుతాయి. ఇక్కడ నల్ల గుడ్డను బొమ్మ అంచు దాకా జరిపారు. తెర నిండాలని జూమ్ చేసి తలలూ పాదాలూ కోసేసే అలవాటు చాలా చోట్ల ఉంది. ఈ వారం మొత్తంలో ఒక్క తల తెగలేదు.

వారంలో అన్నిటికంటే విలువైనవి సత్యజిత్ రాయ్ తీసిన అపు చిత్రాలు మూడు: పథేర్ పాంచాలి (1955), అపరాజితో (1956), అపుర్ సంసార్ (1959). 1993లో లండన్ ల్యాబ్‌లో జరిగిన అగ్నిప్రమాదంలో వీటి నెగెటివ్‌లు కాలాయి. పెళుసుబారిన ఆ ఫిల్మ్‌కు మళ్లీ తేమ పట్టించి, చిరిగిన అంచులూ పెర్ఫరేషన్లూ (ఫిల్మ్ అంచుల రంధ్రాలు) చేత్తో అతికించి, ఇటలీలోని బొలోన్యాలో 4కె (2కెకు అడ్డంగా రెట్టింపు చుక్కలు) స్కాన్ చేశారు. చేతిపనే దాదాపు వెయ్యి గంటలు. అయినా పథేర్ పాంచాలిలో నలభై శాతం, అపరాజితోలో అరవై శాతం పైచిలుకు మాత్రమే అసలు నెగెటివ్ నుంచి వచ్చింది. అపుర్ సంసార్‌కు అదీ దక్కలేదు. దాన్ని పూర్తిగా ఫైన్ గ్రెయిన్ ప్రింట్లు (నెగెటివ్ నుంచి తీసిన సన్నని రేణువుల నకళ్లు), నకలు నెగెటివ్‌ల నుంచే తయారుచేశారు. ఈ తేడా తెర మీద కనిపిస్తుంది. నెగెటివ్ నుంచి నకలుకు మారిన చోట గ్రెయిన్ (బొమ్మలో కనిపించే ఫిల్మ్ రేణువులు) ముతకబారుతుంది, నీడల్లోని వివరం కాస్త తగ్గుతుంది. అది ప్రొజెక్టర్ లోపం కాదు. ఆ అతుకును కంప్యూటర్‌తో నునుపు చేసి ఉంటే ముఖాలు మైనం పూసినట్టు తయారయ్యేవి. చేయకపోవడమే సరైన నిర్ణయం.

ఆ తేడా చూడాలంటే తెర ఎత్తుకు ఒకటిన్నర నుంచి మూడు రెట్ల దూరంలో, మధ్య వరుసల్లో కూర్చోవాలి. అంతకంటే వెనక్కి వెళ్తే మామూలు కంటికి 4కె, 2కె ఒక్కటే.

జర్మన్ మూకీ మెట్రోపొలిస్ (1927) రోజున మాత్రం థియేటర్ ఒక చిన్న పని మరిచింది. 2008లో బ్యూనస్ ఐరిస్‌లో ఈ సినిమా 16 ఎంఎం నెగెటివ్ దొరికింది. దాని నుంచి సుమారు 25 నిమిషాలు తీసుకుని 2010 రూపంలో కలిపారు. అప్పటికే గీతలు పడిన 35 ఎంఎం ప్రింటు నుంచి దాన్ని నకలు తీశారు కాబట్టి గీతలన్నీ బొమ్మలోనే అచ్చుపడిపోయాయి. చట్రం కూడా కొంత పోయింది, ఆ మేర నలుపు వదిలారు. ఇవన్నీ తెలియనివాళ్లకు హఠాత్తుగా వాన కురిసినట్టు గీతలు, చిన్నదైపోయిన బొమ్మ కనిపిస్తాయి. ప్రదర్శనకు ముందు రెండు వాక్యాల స్లైడ్ వేస్తే సరిపోయేది.

ది రెడ్ షూస్ (1948) నాటి తప్పు అంతకంటే పెద్దది. ఒక్కో మూల రంగుకు ఒక్కో నెగెటివ్ చొప్పున మూడు నెగెటివ్‌ల టెక్నికలర్‌లో తీసిన సినిమా ఇది. ఆ మూడూ వేర్వేరుగా కుంచించుకుపోవడంతో రంగుల అంచులు చెదిరాయి, పైగా బూజు పట్టింది. వాటిని సరిచేసి 2009లో బయటికి తెచ్చిన రూపంలో ఎరుపు మండిపోవాలి. ఇక్కడ మొదటి ఇరవై నిమిషాలు అది ఇటుక రంగులో ఉంది. కారణం లెన్స్ ముందు నుంచి తీయని త్రీడీ ఫిల్టర్. అది సగానికి పైగా వెలుతురు మింగేస్తుంది. తెర నుంచి 14 ఫుట్ ల్యాంబర్ట్‌ల (వెలుతురు కొలమానం) వెలుతురు రావాలన్నది ప్రమాణం, సగానికి పైగా పోతే అందులో ఏడు కూడా మిగలవు. ఫిల్టర్ తీశాక అదే సినిమా వేరే సినిమాలా కనిపించింది. రంగుల సినిమాకు ముందు ఆపరేటర్ చూసుకోవాల్సిన మొదటి సంగతి ఇదే.

శబ్దం విషయంలో కూడా మొదటి రెండు రోజులు తడబాటే. ప్రమాణం ప్రకారం ఫేడర్ (శబ్దం హెచ్చుతగ్గుల మీట) 7 దగ్గర ఉండాలి. ఇప్పటి ట్రైలర్ల హోరు తట్టుకోలేక చాలా థియేటర్లు దాన్ని 5కో ఇంకా కిందికో దించి అలాగే ఉంచేస్తాయి. పాత మోనో (ఒకే ధారలో శబ్దం ఉండే) సినిమాలకు అదే అమరిక వాడితే గుసగుసలన్నీ పోతాయి. మూడో రోజు నుంచి మాటలు స్పష్టంగా వినిపించాయి. మోనో శబ్దం తెర వెనక మధ్య స్పీకర్ నుంచి మాత్రమే వస్తుంది. చుట్టూ ఉన్న స్పీకర్లు మూగగా ఉంటే అంతా సరిగ్గా ఉన్నట్టే.

35 ఎంఎం ప్రింటు ఒక్క రోజే వేశారు. రెండు ప్రొజెక్టర్ల మీద రీలు మార్పులన్నీ శుభ్రంగా జరిగాయి. కుడివైపు పైమూలలో చుక్క మెరిసిన ఏడెనిమిది సెకన్లకు రెండో చుక్క, ఆ వెంటనే మార్పు. ఒక్కచోట కూడా తెల్లటి వెలుతురు పడలేదు. ఈ పని తెలిసిన చేతులు ఇంకా ఉండటం సంతోషం.

చివరి రోజు లారెన్స్ ఆఫ్ అరేబియా (1962). 8కెలో స్కాన్ చేసి 4కెలో బాగుచేసిన రూపం ఇది. ఎడారి వేడికి నెగెటివ్ మీద పడిన పగుళ్లు ఎక్కడా కనిపించవు. 2.20 కొలత కూడా సరిగ్గా ఉంది. అయితే ఈ సినిమా నల్ల తెర మీద నాలుగు నిమిషాల పైచిలుకు సంగీతంతో మొదలవుతుంది. ఆట ఇంకా మొదలు కాలేదనుకుని తలుపులు తెరిచే ఉంచారు, జనం మాట్లాడుకుంటూనే ఉన్నారు. ఇంటర్వెల్ తర్వాత వచ్చే సంగీతానికీ అదే గతి. రెండు చోట్లా తలుపులు మూసి, దీపాలు సగం తగ్గించి, సంగీతం ముగిసే క్షణానికి పూర్తిగా ఆర్పాలి. తెరకు కర్టెన్ ఉంటే ఆ క్షణంలోనే తెరవాలి.