ఎండలో ఏ ఆకు మేలు: వరిదా, జొన్నదా?

మిట్టమధ్యాహ్నం మిర్యాలగూడ కాలువ కింది వరికీ, దేవరకొండ చెల్కలోని జొన్నకూ ఒకటే పని. గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌నూ, వేరు తెచ్చిన నీళ్లనూ పొద్దు వెలుతురుతో చక్కెరగా మార్చాలి. పత్రహరితం వెలుతురు పట్టడం, నీళ్లు విడిపోయి ఆక్సిజన్ బయటికి రావడం రెండింట్లోనూ ఒకే తీరు. కార్బన్‌ను పట్టుకునే కాడ మాత్రం దారులు వేరవుతాయి.

వరి ఆకులో ఆ పని రూబిస్కో అనే ఎంజైమ్‌ది. మొదట తయారయ్యేది 3 కార్బన్ల పదార్థం కాబట్టి ఇది సీ3 పంట. పత్తి, కంది, పల్లి, ఆముదం కూడా ఇదే కోవ. రూబిస్కోకు ఒక లోపం ఉంది: కార్బన్ డయాక్సైడ్ బదులు ఆక్సిజన్‌నూ పట్టేస్తుంది. ఎండ ముదిరితే ఆకు నీళ్లు దాచుకోవడానికి పత్రరంధ్రాలు ముడుస్తుంది. లోపల కార్బన్ డయాక్సైడ్ తరుగుతుంది, ఆక్సిజన్ మిగులుతుంది, వేడికి ఈ తప్పు ఇంకా పెరుగుతుంది. కూడబెట్టిన కార్బన్‌లో కొంత మళ్లీ గాలి పాలవుతుంది. 30 డిగ్రీల దగ్గర ఈ నష్టం పావు వంతు దాకా ఉంటుంది. పాలమూరు మార్చి ఎండలు అక్కడ ఆగవు కదా.

జొన్న ఆ తప్పు జరగనివ్వదు. ఆకు లోపలి పత్రాంతర కణాల్లో పెప్ కార్బాక్సిలేజ్ అనే వేరే ఎంజైమ్ ఉంటుంది. అది ఆక్సిజన్ జోలికి పోదు. కార్బన్‌ను 4 కార్బన్ల ఆమ్లంగా కట్టి, ఈనె చుట్టూ ఉన్న కణాల్లోకి పంపుతుంది. అక్కడ మూట విప్పుకుంటుంది, రూబిస్కో చుట్టూ కార్బన్ డయాక్సైడ్ చిక్కగా చేరుతుంది. రంధ్రాలు సగం మూసినా పని నడుస్తుంది. 1966లో ఆస్ట్రేలియాలో హ్యాచ్, స్లాక్ అనే శాస్త్రవేత్తలు చెరకులో తేల్చిన దారి ఇదే. మక్క, సజ్జ కూడా సీ4 పంటలే.

రెండు ఆకులూ తెంపి వెలుతురుకు పట్టి చూడండి. జొన్న ఈనెలు ఒత్తొత్తుగా ఉంటాయి, వరివి ఎడంగా ఉంటాయి. ఈనెకు కాపలాగా కణాల వరుస కట్టాలంటే ఈనెలు దగ్గర దగ్గరగానే ఉండాలి. జొన్న కాడను బొటనవేలితో రుద్దితే తెల్లటి బూడిద లాంటి మైనం అంటుతుంది, అదీ నీటి కాపుదలే.

లెక్కకు వస్తే, కిలో ఎండు పదార్థం కట్టడానికి సీ3 ఆకు 450 నుంచి 950 లీటర్ల నీళ్లు ఆవిరి చేస్తుంది, సీ4 ఆకు 250 నుంచి 350 లీటర్లే. మడిలో నిలబెట్టే నీళ్లు దీనికి అదనం: ఎకరంలో అంగుళం నిలవాలంటే లక్ష లీటర్ల పైనే కావాలి.

అట్లని జొన్న అన్ని చోట్లా గెలవదు. ఒక్కో కార్బన్ డయాక్సైడ్ అణువుకు వరి 3 ఏటీపీలు (కణం శక్తిని దాచి ఖర్చు పెట్టే అణువులు) ఖర్చు పెడితే, జొన్నకు 5 కావాలి. మబ్బు పట్టిన రోజుల్లో, చెట్ల నీడలో, చలి రాత్రులు సాగే రోజుల్లో ఆ ఖర్చు బరువవుతుంది. ఊట పడే పల్లపు నేలలో జొన్న వేరుకు గాలి అందక ఆకు పసుపు తిరుగుతుంది. వరికి వేరు దాకా గాలి గొట్టాలున్నాయి కాబట్టి అక్కడ వరే మేలు, వేరే మాట లేదు.

యాసంగిలో మార్చికల్లా బోరు సన్నబడే ఎర్ర చెల్కల్లో మాత్రం నా ఓటు జొన్నకే. మోకాలెత్తున ఒకటి, పొట్ట దశలో ఒకటి, గింజ పాలు పోసుకునేటప్పుడు ఒకటి, ఈ మూడు తడులు తప్పకుండా ఇవ్వాలి. పశువులకు చొప్ప కూడా దక్కుతుంది. ఆలస్యంగా నాటిన యాసంగి వరికి ఇంకో దెబ్బ కూడా ఉంది: పూత సమయంలో 35 డిగ్రీలు దాటితే పుప్పొడి చెడి తాలు గింజలవుతాయి. అది ఆకు తప్పు కాదు, యూరియా చల్లితే సర్దుకోదు.

వరి వేసేవాళ్లు ఊదను మరవొద్దు. ఊద సీ4 గడ్డి. అదే మడిలో, అదే ఎండలో వరిని దాటి పెరిగేది అందుకే. గరిక, తుంగ కూడా అంతే. నాటిన 20 రోజుల్లోపు పీకేయాలి. లేతగా ఉన్నప్పుడు పోల్చడం కష్టం అనిపిస్తే ఆకూ కాడా కలిసే చోట చూడండి: వరికి నాలుక లాంటి తెల్లటి పొర ఉంటుంది, ఊదకు ఉండదు.