సాల్ట్ లేక్ సిటీ: గదిలో మోసం, గుండె డాక్టరు ఊళ్లో ఊరట

119 డాలర్లని చూపించిన హోటలు గదికి చివరికి పన్ను కాక రోజుకు 174 డాలర్లు కట్టాను. మూడు రాత్రులకు 522. సౌకర్యాల రుసుము పేరిట రోజుకు 25, కారు నిలిపినందుకు 30. ఆ సౌకర్యాలేమిటని అడిగితే ఈత కొలను అన్నారు. దానికి తాళం వేసి ఉంది. లిఫ్టు పనిచేయడం లేదు, మా గదేమో మూడో అంతస్తులో! నాన్నగారికి బైపాస్ జరిగి మూడేళ్లయింది. కింది అంతస్తులో గది ఇమ్మని బతిమాలితే, కౌంటరులోని కుర్రవాడు తల కూడా ఎత్తకుండా "మీరు ఒప్పుకున్న నిబంధనల్లో అన్నీ ఉన్నాయి" అన్నాడు. నాన్నగారు మెట్టు మెట్టుకూ ఆగి ఎక్కారు. సంచులు పట్టుకుని వెనకే వచ్చిన అమ్మ ఆ రాత్రి ఎవరితోనూ మాట్లాడలేదు.

డెన్వర్ నుంచి ఎనిమిది గంటలు కారు నడిపి ఇంత దూరం వచ్చింది నాన్నగారి కోరిక మీదే. గుండె ఆపరేషన్ అయినప్పటి నుంచి ఆయన గుండె వైద్యుల గురించి దొరికిందల్లా చదువుతున్నారు. అలా తెలిసినవారే రసెల్ నెల్సన్. గుండె ఆపరేషన్లు చేసే డాక్టరు, తర్వాత మోర్మన్లని పిలిచే క్రైస్తవ సంఘానికి అధ్యక్షులయ్యారు. మేం వెళ్లింది 2025 అక్టోబరు చివర్లో. అప్పటికి నెల రోజుల ముందే, సెప్టెంబరు 27న, ఆయన 101 ఏళ్ల వయసులో ఈ ఊళ్లోనే కన్నుమూశారు.

మర్నాడు ఉదయం ఆ సంఘం కేంద్రమైన టెంపుల్ స్క్వేర్‌కు వెళ్లాం. పెద్ద దేవాలయం 2019 చివరి నుంచి మరమ్మతుల్లో ఉంది, లోపలికి వెళ్లలేం. ఎదురుగా ఉన్న కాన్ఫరెన్స్ సెంటర్ మాత్రం తప్పకుండా చూడండి. 21,000 మంది కూర్చునే సభామందిరం అది. టిక్కెట్టు లేదు, చందా డబ్బా లేదు. మిషనరీ అమ్మాయిలిద్దరు వెంట ఉండి చూపించారు. నాన్నగారి నడక చూసి, అడగకుండానే చక్రాల కుర్చీ తెచ్చారు. రాత్రి మెట్ల మీద మాకు జరిగిన అవమానం తలచుకుని నాకు కళ్లు చెమర్చాయి.

నాన్నగారు "మోర్మన్లు" అనగానే, వాళ్లలో ఒకమ్మాయి తమ సంఘాన్ని పూర్తి పేరుతో పిలిస్తే సంతోషిస్తామని మెల్లగా చెప్పింది. యేసు క్రీస్తు యొక్క కడవరి దిన పరిశుద్ధుల సంఘం. పొట్టి పేరు వాడవద్దని 2018లో గట్టిగా కోరింది నెల్సన్ గారే. ఆయన మాట మీద వందేళ్లు దాటిన సంఘ గాయక బృందం కూడా తన పేరులోంచి 'మోర్మన్' అన్న మాట తీసేసింది.

ఈ సంఘంలో అందరికంటే ఎక్కువ కాలం అపొస్తలుడిగా, అంటే సంఘాన్ని నడిపే పెద్దల్లో ఒకరిగా, ఉన్నవారే అధ్యక్షులవుతారు. 1984లో అపొస్తలుడైన నెల్సన్ గారికి ఆ వంతు 2018 జనవరిలో, 93 ఏళ్ల వయసులో వచ్చింది. అపొస్తలుడు కాకముందు జీవితమంతా ఆపరేషన్ గదే. 22 ఏళ్లకే డాక్టరు పట్టా. ఆపరేషన్ జరిగేంతసేపు గుండె, ఊపిరితిత్తుల పని చేసిపెట్టే హార్ట్-లంగ్ యంత్రాన్ని మిన్నెసోటాలో తయారుచేసిన బృందంలో ఒకరు. 1955లో, ఈ ఊరున్న యూటా రాష్ట్రంలో మొదటి ఓపెన్ హార్ట్ ఆపరేషన్ చేసింది ఆయనే.

మందిరంలో ఖాళీ కుర్చీల మధ్య కూర్చుని నాన్నగారు మాకు చెప్పిన కథ ఇంకొకటి. ఒకే ఇంటి ఆడపిల్లలిద్దరికి నెల్సన్ గారు ఆపరేషన్ చేస్తే ఇద్దరూ దక్కలేదు. ఇక కత్తి పట్టనని ఇంటికొచ్చి నేల మీద పడి రాత్రంతా ఏడ్చారు. తెల్లవారుజామున భార్య డాంట్‌జెల్, నువ్విప్పుడు మానేస్తే నీకు తెలిసినదాన్ని ఇంకెవరో మళ్లీ ఇంత బాధపడి నేర్చుకోవాలని చెప్పి పనికి పంపింది. ఇది ఆయన 2016లో సభ ముందు స్వయంగా చెప్పుకున్న సంగతి. చెబుతూ నాన్నగారు చొక్కా మీదుగా తన గాటును తడుముకున్నారు.

నా భార్యకు మాత్రం ఆయన మీద కోపం ఉంది. స్వలింగ దంపతుల పిల్లలకు బాప్తిస్మం ఇవ్వకూడదన్న 2015 నాటి నిబంధనను ఆయన దైవ ప్రకటనగా సమర్థించారు. 2019లో ఆయన హయాంలోనే దాన్ని ఎత్తేశారు. పిల్లల మనసుకు తగిలిన దెబ్బ ఎత్తేస్తే పోతుందా అని తను అడిగింది. నేనూ తనతోనే ఏకీభవిస్తాను. నాన్నగారు జవాబివ్వలేదు.

మేం తెలుగువాళ్లమని తెలిసి ఆ అమ్మాయిలు సంబరపడ్డారు. భారతదేశంలో వీళ్ల మొదటి 'స్టేక్', అంటే కొన్ని స్థానిక సంఘాల కూటమి, 2012లో హైదరాబాద్‌లోనే ఏర్పడింది. దేశంలో మొదటి దేవాలయం బెంగళూరులో కడతామని 2018లో ప్రకటించింది నెల్సన్ గారు. మతం మారమని ఆ అమ్మాయిలు మమ్మల్ని ఒక్క మాట అనలేదు.

మిగతా రెండు రోజులు ఉప్పు సరస్సు, కొండలు. బాగున్నాయి.

వెళ్లేవాళ్లు కారు లేకుండా విమానంలో వెళ్లండి. విమానాశ్రయం నుంచి ట్రాక్స్ రైలుకు రెండున్నర డాలర్లే, ఊరి నడిబొడ్డులో ఉచితం. గది మొత్తం ఖర్చెంతో, లిఫ్టు పనిచేస్తోందో లేదో ఫోను చేసి అడిగి, జవాబు రాతపూర్వకంగా తెప్పించుకున్నాకే డబ్బు కట్టండి. నేను గొడవపడితే సౌకర్యాల రుసుము 75లో 50 వెనక్కిచ్చారు. మిగతా 25 కోసం ఇంకా ఉత్తరాలు రాస్తూనే ఉన్నాను.

తిరుగు ప్రయాణంలో నాన్నగారు ఫోను అడిగి తీసుకుని, హైదరాబాద్‌లో తనకు ఆపరేషన్ చేసిన డాక్టరు గారితో మాట్లాడారు. "ఏమీ లేదండీ, బాగానే ఉన్నాను. ఆ రోజు చెప్పలేకపోయాను, అందుకని చేశాను" అన్నారు.