కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ పేర్ల వెతుకులాట: సమాధి జాడకు భేష్, సేవా చరిత్రకు చాలదు

యుద్ధంలో నేలకొరిగిన ఇన్‌ఫాంట్రీ (పదాతిదళం) ఆఫీసరు సమాధి కోసం చెన్నైలో నందంబాక్కం బయల్దేరే ముందు, రెండు ప్రపంచ యుద్ధాల్లో పోయిన కామన్వెల్త్ సైనికుల సమాధులు, స్మారకాలు చూసుకునే ఈ కమిషన్ వెబ్‌సైటులో పేరు వెతకండి. డబ్బు కట్టక్కర్లేదు. మద్రాస్ వార్ సెమెటరీలో ఉన్నవి రెండో ప్రపంచ యుద్ధం నాటి 856 సమాధులు. 1952లో దక్షిణ, తూర్పు భారతంలోని కంటోన్మెంట్, సివిల్ శ్మశానాల నుంచి తెచ్చి చేర్చారు. విదేశీ యుద్ధరంగంలో పోయినవాళ్లను ఇంటికి పంపేవారు కాదు. బర్మాలో పోయి సమాధి తెలియనివాళ్ల పేర్లు, దాదాపు 27,000, యాంగోన్ దగ్గర టౌక్యాన్‌లోని రంగూన్ మెమోరియల్ మీద చెక్కారు.

వెతికేటప్పుడు తెలుగు పేర్లతోనే పెద్ద చిక్కు. ఇంటిపేరు ఒక్క అక్షరమైపోయి, అసలు పేరే సర్‌నేమ్ గడిలోకి చేరి ఉండొచ్చు. రెండు విధాలా కొట్టి చూడండి. ఫలితం రాకపోతే పేరు వదిలేసి అదనపు సమాచారం గడిలో ఊరి పేరు ఇవ్వండి. ఊరి పేర్లు నాటి స్పెల్లింగులోనే ఉంటాయి: విజగపటం (Vizagapatam), బెజవాడ (Bezwada), కోకనాడ (Cocanada), మసులిపటం (Masulipatam). తండ్రి పేరు, ఊరు అక్కడే కనిపిస్తాయి. ఈ ఒక్క గడి కోసమైనా ఈ సేవను మెచ్చుకోవాలి. మొదటి యుద్ధపు ఆఫీసర్లకు సర్వీసు నంబరు లేదు, ఆ గడి ఖాళీగా వదలండి.

లోటల్లా ఆ ఆఫీసరు ఎలా పోరాడాడో కమిషన్ రికార్డులో లేకపోవడమే. ఉదాహరణకు లెఫ్టినెంట్ కరమ్‌జీత్ సింగ్ జడ్జ్ 15వ పంజాబ్ రెజిమెంటు నాలుగో బెటాలియన్‌లో ప్లటూన్ కమాండరు. 1945 మార్చి 18న బర్మాలోని మియింగ్యాన్ శివార్లలో కాటన్ మిల్లు ప్రాంతాన్ని పట్టుకునే దాడిలో ట్యాంకులకు దారి చూపుతూ పది బంకర్లు నాశనం చేయించి, చివరి బంకర్ల దగ్గర ఛాతీకి తూటా తగిలి ప్రాణం విడిచాడు. ఈ వివరమంతా బ్రిటన్ అత్యున్నత శౌర్య పతకం విక్టోరియా క్రాస్ సైటేషన్‌లో (పతకం ఎందుకిచ్చారో చెప్పే ప్రకటన), అంటే బ్రిటిష్ ప్రభుత్వ పత్రిక లండన్ గెజెట్‌లో ఉంది.

పతకం రానివాళ్లకు బెటాలియన్ వార్ డైరీయే, అంటే దళం రాసుకున్న యుద్ధ దినచర్యే, దిక్కు. ఆగ్నేయాసియా డైరీలు లండన్‌లో క్యూ (Kew) అనే చోట ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో డబ్ల్యూఓ 172 (WO 172) వరుసలో ఉన్నాయి. రెజిమెంటు పేరొక్కటే చాలదు, బెటాలియన్ సంఖ్య, మరణించిన తేదీ తప్పక రాసుకోండి.

1947 డిసెంబర్ 31 తర్వాత పోయినవాళ్లు కమిషన్ రికార్డుల్లో లేరు. 1962, 1971, కార్గిల్ అమరుల పేర్లు ఢిల్లీ నేషనల్ వార్ మెమోరియల్ త్యాగచక్రం గోడల మీద ఉన్నాయి.